కావ్యోపాసకుడు బొకాచియో

కావ్యము పుట్టుటకు కవి యొక్కడు చాలును. కాని యది శతాబ్దముల పర్యంతము జీవించియుండుటకు దానిని వెదకువారు, తప్పులు లేకుండ వ్రాసికొనువారు, శ్రద్ధతో చదువువారు, ఇతరులకు బోధించువారు కావలయును. అచ్చుయంత్రములు లేని కాలమున నీ పని మిక్కిలి కష్టసాధ్యమై యుండెను. అగ్నికో, చెమ్మకో, చెదలకో యాహుతియైన వ్రాతప్రతితోబాటు కవి కీర్తియు నశించుచుండెను. ఇటలీ దేశపు మహాకవియైన డాంటే కావ్యమున కట్టి దుర్గతి పట్టకుండుటకు జీవితాంతము పాటుపడిన మహనీయుడు జొవాన్ని బొకాచియో.

డాంటే 1265వ సంవత్సరమున ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ కాలమున నిటలీ యొక్క రాజ్యము కాదు. ఫ్లారెన్సు, వెనిస్, మిలాన్ వంటి నగరములు వేర్వేరు రాజ్యములుగా నుండి, యొండొరులతో కలహించుచుండెను. నగరములోపలి కక్షలు వానికి తోడయ్యెను. డాంటే ఫ్లారెన్సు పాలకవర్గమున నొకడై పనిచేసెను. అతని పక్షము ఓడిపోయినంతట 1302లో శత్రువు లతనికి దేశబహిష్కారము విధించిరి. నగరమున పట్టుబడినచో సజీవదహనము చేయవలసినదని శాసించిరి. అది మొద లాతడు పరుల పంచలలో తలదాచుకొనుచు, మరల జన్మభూమిని చూడకయే, 1321లో రవెన్నా నగరమున కన్నుమూసెను.

ఈ ప్రవాసకాలముననే యతడు తన మహాకావ్యమును రచించెను. అందు కవి తానే నాయకుడు. ప్రాచీన రోమను కవియైన వర్జిల్ దారి చూపగా నాతడు నరకమును, పాపక్షాళన పర్వతమును దర్శించును. పిమ్మట తన చిన్ననాటి ప్రేమపాత్రమైన బియాట్రిస్ వెంట స్వర్గలోకముల కేగును. కావ్యమున మూడు భాగములు, నూరు సర్గలు, 14,233 పాదములు కలవు. పండితు లందరును లాటిన్ భాషలో గ్రంథములు వ్రాయుచుండిన యా దినములలో డాంటే దీనిని తన నగరమున స్త్రీలును, బాలురును, వర్తకులును మాటలాడు దేశభాషలో రచించెను. లాటిన్ అభిమానులైన పండితు లనేకులకు నిది రుచింపలేదు. ఇంతటి యున్నతమైన విషయమును వీథులలోని భాషలో చెప్పుట తగునా యని వారు శంకించిరి.

డాంటే మరణించునాటికి బొకాచియో యెనిమిదేండ్ల బాలుడు. వారిరువురును ఒకరినొకరు చూడలేదు. బొకాచియో 1313లో జన్మించెను. అతని వంశీయులు ఫ్లారెన్సునకు సమీపముననున్న చెర్టాల్డో గ్రామమువారు. తండ్రి వర్తకుడు, బార్డీ కుటుంబమువారి వడ్డీ వ్యాపారసంస్థకు ప్రతినిధి. కుమారుడు తనవలెనే జమాఖర్చులు వ్రాయుట నేర్చి, ధనము గడింపవలెనని యాతని కోరిక. అందుచేత 1327 ప్రాంతమున తనకు నేపుల్సు నగరమున నుద్యోగమైనపుడు కుమారుని వెంటబెట్టుకొనిపోయి వ్యాపారమున ప్రవేశపెట్టెను.

ఆ బాలుని మనస్సు లెక్కలపై నిలువలేదు. సుమా రారేండ్లు వర్తకము నేర్చుకొనుటలో వ్యర్థమయ్యెను. తండ్రి విసిగి, పోనిమ్మని క్రైస్తవ ధర్మశాస్త్రము చదువుటకు నియోగించెను. దానియందును దాదాపుగ నన్ని సంవత్సరములే గడచెను గాని యభిరుచి కలుగలేదు. అయినను నేపుల్సులో గడపిన యా కాలము నిష్ఫలము కాలేదు. అచ్చటి రాజగు రాబర్టు విద్యాప్రియుడు. అతని గ్రంథాలయము సుప్రసిద్ధము. డాంటేకు మిత్రుడును, స్వయముగా కవియునైన చీనో ద పిస్తోయా 1330, 1331 సంవత్సరములలో నచ్చటి విద్యాపీఠమున న్యాయశాస్త్రము బోధించెను. అట్టి వాతావరణమున బొకాచియో కావ్యములను ఆసక్తితో చదివెను. డాంటే కవిత్వ మాతని హృదయమున చెరగని ముద్ర వేసెను. మూడేసి పాదములను ప్రాసలతో గొలుసుకట్టుగా కూర్చు డాంటే పద్ధతిని గ్రహించి, తానును ఆ రీతిని కవిత్వము వ్రాసెను.

సుమారు 1341లో నతడు ఫ్లారెన్సునకు తిరిగి వచ్చెను. కొలది సంవత్సరములలోనే బార్డీ సంస్థ దివాలా తీసెను. 1348లో ఘోరమైన ప్లేగు వ్యాధి యూరపు ఖండమును చుట్టుముట్టి, ఫ్లారెన్సును శ్మశానప్రాయము చేసెను. ఆ మహోపద్రవమును బొకాచియో మరువలేదు. ప్లేగు భయమున నగరము విడిచిపోయిన పదుగురు యువతీయువకులు పది దినములలో చెప్పుకొనిన నూరు కథల సంపుటముగా నతడు డెకామెరాన్ అను గ్రంథమును రచించెను. ఇటాలియను భాషలో వచనరచనకు నేటికిని నది యొరవడి. దానివలన నతని పేరు దేశదేశముల వ్యాపించెను.

తనకు కీర్తి లభించినను, బొకాచియో తన గురుస్థానీయుడైన డాంటేను విస్మరింపలేదు. ఫ్లారెన్సు వెళ్లగొట్టిన కవికి ఫ్లారెన్సుచేతనే మర్యాద జరిపింపవలెనని యతని యాశయము. 1350లో నందుల కొక యవకాశము లభించెను. డాంటే కుమార్తె రవెన్నాలోని యొక మఠమున సన్న్యాసినియై, బియాట్రిస్ అను నామముతో జీవించుచుండెను. ఫ్లారెన్సులోని ఒర్సన్‌మికేలె ధర్మసంఘమువా రామెకు పది బంగారు నాణెములు పంపదలచిరి. వానిని కొనిపోయి యామె కిచ్చుభారము బొకాచియోపై పడెను. నగరము చేసిన మహాపరాధమునకు పది నాణెములు తగిన పరిహారము కావు. అయినను దేశద్రోహి యని శిక్షింపబడినవాని కుమార్తెను నగరప్రజలు మరల తమదానినిగా తలచిన శుభసమయ మది.

బొకాచియో రవెన్నా నగరమునకు పోవుట యిదియే తొలిసారి కాదు. అచ్చట డాంటే నెరిగినవారు కొంద రింకను జీవించియుండిరి. అతడు వారిని కలిసికొని కవి రూపమును, నడవడిని, అలవాటులను గూర్చి శ్రద్ధగా ప్రశ్నించెను. ఫ్లారెన్సులోని డాంటే బంధువులను సైతము విడువలేదు. ఇట్లు కవి జీవితమును పరిశోధించుటకై యతని పరిచితులను వెదకికొనిపోయి విషయములు సేకరించుట యా కాలమున నరుదైన పని.

అట్లు సేకరించిన వృత్తాంతములలో రెండు కావ్యమును గూర్చినవి. డాంటే బహిష్కృతుడైనపుడు శత్రువులు గృహమును దోచుకొందురను భయముతో నతని భార్య జెమ్మా విలువగల వస్తువులను, కాగితములను పెట్టెలలో పెట్టించి భద్రమైన తావునకు పంపెనట. కొన్నియేండ్లకు తన స్త్రీధనమును తిరిగి రాబట్టుకొనుటకు పత్రములు కావలసి, యామె యా పెట్టెలను వెదకింపగా, వానిలో కావ్యపు మొదటి యేడు సర్గలు బయల్పడెనట. వానిని చదివిన రసజ్ఞుడొక డాశ్చర్యపడి డాంటే యున్నచోటికి పంపించెనట. పోయినదని తలచిన రచన చేతికి రాగా కవి కావ్యమును కొనసాగించెనట.

ఈ కథ బొకాచియోకు డాంటే మేనల్లుడైన అండ్రియా పొజ్జీ చెప్పెను. ఆ సర్గలను కనుగొన్నది తానే యని యాతడు చెప్పుకొనెను. దీనో పెరీనీ అను మరియొక డాంటే పరిచితుడును ఇదే కథను చెప్పి, కనుగొన్నవాడను నేనే యనెను. ఎవరి మాట నమ్మవలెను? బొకాచియో తన కిష్టమైనదానిని గ్రహించి రెండవదానిని దాచిపెట్టలేదు. ఇరువురి మాటలను వ్రాసిపెట్టెను. అంతియ కాదు; ఆరవ సర్గలో బహిష్కారమునకు సంబంధించిన సంఘటనలు భవిష్యద్వాణి రూపమున వర్ణింపబడియున్నవి; అవి జరుగకముందే కవి వానిని వ్రాయుట యెట్లు సాధ్యమను శంకను గూడ వెలిబుచ్చెను. తన కత్యంత ప్రియమైన కవిని గూర్చిన కథనైనను తర్కమునకు నిలువనిచో ప్రశ్నింపవలెనను సత్యనిష్ఠ యాతనికి గలదు.

రెండవ వృత్తాంతము కావ్యాంతమునకు సంబంధించినది. డాంటే చనిపోయిన పిమ్మట స్వర్గభాగములోని చివరి పదుమూడు సర్గలు కనబడలేదట. కుమారులు నెలల తరబడి కాగితములన్నియు వెదకి, యాశ వదలుకొనిరట. తండ్రి విడిచిన కావ్యమును తామే పూర్తిచేయుదుమా యని కూడ తలపోసిరట. ఎనిమిదవ నెలలో జాకొపో యను కుమారునకు స్వప్నమున తండ్రి తెల్లని వస్త్రములతో కనిపించి, తన పడకగదిలోని యొకచోటును చూపెనట. జాకొపో తెల్లవారకముందే తండ్రి మిత్రుడైన పియెరో జార్దీనో నింటికి పోయి యీ సంగతి తెలుపగా, ఇరువురును కలిసి యా గదికి పోయిరట. గోడకు తగిలించిన చాపను తొలగింపగా చిన్న గూడొకటి కనబడెను. అందు చెమ్మకు బూజుపట్టిన కాగితము లుండెను. అవియే యా పదుమూడు సర్గలు! ఈ వృత్తాంతమును బొకాచియోకు చెప్పినవాడు జార్దీనోయే. నేటి పండితు లీ కథలను జాగరూకతతో పరిశీలింతురు గాని, మహాకావ్యములు కూడ నెంత స్వల్పకారణముచే నశింపగలవో యివి చక్కగా తెలుపును.

ఈ విషయములన్నిటిని చేర్చి బొకాచియో డాంటే జీవితచరిత్రమును రచించెను. దానిని లాటిన్ భాషలో గాక, డాంటే వాడిన దేశభాషలోనే వ్రాయుట గమనింపదగినది. అందతడు డాంటే ప్రతిభను కొనియాడుటతో తృప్తిపడక, తన నగరమును నిర్భయముగా మందలించెను. ఇతర నగరములు తమ కవుల సమాధులను పూజించుచుండగా ఫ్లారెన్సు తన కుమారుని వెడలగొట్టి, యస్థికలనుగూడ పోగొట్టుకొనెనని వాపోయెను. డాంటే తన కావ్యమునకు ‘కొమ్మేదియా’ యని మాత్రమే పేరిడెను. దానికి ‘దివ్య’ మను విశేషణమును తొలుత వాడినవాడు బొకాచియో. 1555లో వెనిస్ నగరమున నచ్చైన ప్రతి ముఖపత్రముపై నా విశేషణము చేరినది. నేడు లోకమంతయు నా కావ్యమును ‘డివైన్ కామెడీ’ యని పిలుచుచున్నది.

చరిత్ర వ్రాయుటకంటె కష్టమైన పని మరియొకటి యతడు చేసెను. డాంటే స్వహస్తముతో వ్రాసిన ప్రతి యొక్కటియు నేడు లభింపదు. అప్పుడు వ్యాప్తిలో నున్నవన్నియు లేఖకులు వ్రాసిన ప్రతులే. లేఖకుడు నిద్రమత్తులో నొక మాటను మార్చును. మరియొకడు తనకు తెలియని పదమును తెలిసినదానిగా దిద్దును. ఇట్లు ప్రతికి ప్రతికి భేదము పెరుగును. బొకాచియో పాఠములను పోల్చుకొనుచు, పదునాలుగువేలకు మించిన పాదములను తన చేతితో సంపూర్ణముగా వ్రాసికొనెను. ఒకమారు గాదు, అతడు వ్రాసిన మూడు ప్రతులు నేటికిని నిలిచియున్నవి. చదువరుల సౌకర్యమునకై కావ్యభాగముల సారాంశములను పద్యరూపమున చేర్చెను. ఒక లోపము మాత్రము జరిగెను. పలుప్రతుల పాఠము లతని చేతిలో కలిసిపోయినవి. అందుచేత 20వ శతాబ్దమున జొర్జో పెట్రోకీ యను విద్వాంసుడు కావ్యమును పరిష్కరించునపుడు బొకాచియోకు పూర్వపు ప్రతులనే యాధారముగా గైకొనెను. అయినను బొకాచియో శ్రమకు విలువ తరుగలేదు. ఆతని ప్రతులు తరతరముల పాఠకులకు డాంటేను చేరువ చేసినవి.

ఆనాటి విద్వాంసులలో నగ్రగణ్యుడు పెట్రార్క్. 1350లో బొకాచియోకు నాతనితో నేర్పడిన మైత్రి జీవితాంతము నిలిచెను. పెట్రార్క్ లాటిన్ భాషయం దపారమైన మక్కువ గలవాడు. దేశభాషారచనల నంతగా లెక్కసేయడు. ఆతని గ్రంథాలయమున డాంటే కావ్యము లేకుండుట బొకాచియోకు వెలితిగా తోచెను. ఒక చక్కని ప్రతిని సంపాదించి, చదువుమని వేడుచు లాటిన్ పద్యములతో కూడ మిత్రునకు పంపెను. తనకు డాంటేయం దసూయ యను నపవాదు సరికాదని 1359లో పెట్రార్క్ ఒక దీర్ఘలేఖ వ్రాసెను. కాని యా లేఖలో ప్రశంస కంటె సంయమమే యెక్కువ. బొకాచియో మిత్రునిపై నలుగలేదు; తన యభిప్రాయమును మార్చుకొననులేదు. గౌరవించు వారితోనైనను భిన్నాభిప్రాయము గలిగియుండవచ్చునని యాతని నడవడి తెలుపును.

1362లో నతని జీవితమున నొక సంకటము కలిగెను. ఒక సన్న్యాసి వచ్చి, మరణము సమీపించినదనియు, లౌకికములైన కవిత్వమును, చదువును విడువకున్నచో పరలోకము చెడుననియు హెచ్చరించెను. బొకాచియో భయకంపితుడయ్యెను. గ్రంథములను వదలివేసి, సాహిత్యవ్యాసంగమునకు స్వస్తి చెప్పుటకు సిద్ధపడెను. అతడట్లు చేసియుండినచో డాంటే కావ్యమునకు జరిగిన సేవలో నుత్తరార్ధము లేకయే పోయెడిది. ఆ సమయమున నాదుకొన్నవాడు పెట్రార్క్. మృత్యువు సర్వులకు తప్పనిదే యనియు, దానికై విద్యను త్యజింప నక్కరలేదనియు, సద్విద్య భక్తికి విరోధి కాదనియు జాబు వ్రాసెను. గ్రంథముల నమ్మదలచినచో తానే కొందుననియు తెలిపెను. బొకాచియో మనస్సు కుదుటబడెను. గ్రంథములు నిలిచెను.

ఇట్లు మరి పదేండ్లు గడచెను. 1373లో ఫ్లారెన్సు పౌరులు కొందరు నగరపాలకులకు విన్నపము పెట్టుకొనిరి. డాంటే గ్రంథము చదువుటవలన లాటిన్ రాని ప్రజలకు సైతము నీతియు, వాగ్ధాటియు కలుగుననియు, దానిని బహిరంగముగా బోధించుటకు సమర్థుడైన విద్వాంసుని నియమింపవలసినదనియు వారు కోరిరి. పాలకసభలో 186 మంది యనుకూలముగను, 19 మంది ప్రతికూలముగను మతమిచ్చిరి. సంవత్సరమునకు నూరు బంగారు నాణెముల వేతనముతో బొకాచియో నియుక్తుడయ్యెను. డెబ్బదియొక్క సంవత్సరములకు పూర్వ మే నగరము కవిని దహింప శాసించెనో, ఆ నగరమే యాతని కావ్యమును బోధింపుమని ధన మిచ్చెను!

1373 అక్టోబరు 23వ తేదీన శాంతో స్తెఫానో దేవాలయమున నుపన్యాసము లారంభమయ్యెను. బొకాచియోకు అప్పటికి అరువదియేండ్లు. శరీరము స్థూలమై, వ్యాధిపీడితమై యుండెను. అయినను నతడు ప్రతి సర్గకును మొదట పదములకు వాచ్యార్థమును, పిదప నందు గర్భితమైన నీతిని విడమరచి చెప్పుచుండెను. కావ్యమున ప్రసక్తమైన పురాణకథలను, చారిత్రక పురుషుల వృత్తాంతములను వివరించుచుండెను. విద్యావిహీనులు సైతము వచ్చి వినుచుండిరి.

అందరును దీనిని హర్షింపలేదు. కావ్యరహస్యములను పామరుల యెదుట వెదజల్లుట కవి కపచారమని పండితులు కొందరు గర్హించిరి. ఆ నింద యతని మనస్సును నొప్పించెను. దానికి సమాధానముగ వ్రాసిన పద్యములలో నతడు పశ్చాత్తాపమును గూడ ప్రకటించెను. తన వ్యాధి యా తప్పునకు శిక్ష యేమో యని తలచెను. ఇంతలో వ్యాధి ముదిరెను. సుమా రరువది యుపన్యాసములు ముగిసినంతట, 1374 ప్రారంభమున, నరకభాగములోని పదునేడవ సర్గ నారంభించిన కొలదికాలమునకే యాతని కంఠ మాగిపోయెను. నూరు సర్గలలో నెనుబదికి మించినవి మిగిలిపోయెను.

బొకాచియో చెర్టాల్డోకు పోయి విశ్రమించెను. ఆ వేసవిలోనే పెట్రార్క్ మరణించెను. చలికాలపు రాత్రులలో చదువుకొనునపుడు వెచ్చని యంగీ కుట్టించుకొనుమని యాతడు మరణశాసనమున మిత్రునకు ఏబది బంగారు నాణెములు వ్రాసి విడిచెను. ఆ యంగీ నెంతోకాలము ధరించు భాగ్యము బొకాచియోకు లేకపోయెను. 1375 డిసెంబరు 21వ తేదీన నతడు చెర్టాల్డోలో మరణించెను. తన గ్రంథములను మార్టినో అను సన్న్యాసికి, ఆయన పిమ్మట ఫ్లారెన్సులోని శాంతో స్పిరితో మఠమునకు చెందునట్లు వ్రాసెను. చదువగోరువారికి నవి యందవలెనని యాతని సంకల్పము.

ఉపన్యాసములు సగములోనే యాగినను వాని ఫలము వృథా కాలేదు. అతని యుపన్యాసములు వినిన బెన్వెనూతో ద ఇమోలా బొలోన్యా నగరమున డాంటేను బోధించి, కావ్యమంతటికి గొప్ప వ్యాఖ్యానము రచించెను. ఫ్లారెన్సులోను తరువాతి విద్వాంసు లా పీఠమును నిలిపిరి. 1472లో ఫొలీన్యో పట్టణమున కావ్యము తొలిసారిగా నచ్చుపడినది. డాంటే యస్థికలు మాత్రము ఫ్లారెన్సునకు తిరిగి రాలేదు. 1829లో శాంతా క్రోచె దేవాలయమున నగరమువా రాతనికి గొప్ప స్మారకసమాధి నిర్మించిరి. అది నేటికిని శూన్యముగనే యున్నది. కవి శరీరము రవెన్నాలో నున్నది.

అయినను డాంటే తన నగరమునకు మరియొక రూపమున తిరిగి వచ్చెను. శాంతో స్తెఫానో దేవాలయమున వ్యాధిగ్రస్తుడైన వృద్ధు డొకడు కావ్యమును విప్పి, వినవచ్చిన సామాన్యులకు పద మొక్కటొక్కటిగా నర్థము చెప్పిన నాడే యా పునరాగమనము జరిగినది. స్వయముగా మహారచయితయై యుండియు, నొరుని కావ్యమును చేతులార మరల మరల వ్రాసికొనుటకును, దానికై నిందలు పడుటకును బొకాచియో వెనుదీయలేదు. తన కీర్తిని పెంచుకొనుటకంటె నుత్తమమైన దానిని నశింపకుండ కాపాడి ముందుతరముల కందించుటయే విద్వాంసుని ధర్మమని యతని చరిత్ర బోధించుచున్నది.